చేతులతో పిలిచిన హాజరు

రేడియోలో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఈ కాలం పిల్లలు "పాటలు వేసేవారా అంకుల్?" అని అడుగుతారు. పాటలు వేసేవాళ్లు వేరు నాయనా, వాళ్లు చల్లటి గదిలో కూర్చుంటారు. నాది బయట రికార్డింగు. మైకు భుజాన వేసుకుని అనంతపురం జిల్లాలో గుంతల రోడ్లన్నీ ఎక్కి దిగాను. వేరుశనగ రైతు గోడు, గొర్రెల కాపరి ఈల, పెళ్లిళ్లలో ఆడవాళ్ల పాటలు, ఏది దొరికితే అది పట్టుకొచ్చి కేంద్రంలో అప్పగించేవాణ్ణి. నడుమునొప్పి తప్ప వేరే ఆస్తి కూడబెట్టలేదు.

నేను రికార్డు చేసినవాటిలో చాలావరకు ఇప్పుడు నాకే గుర్తులేవు. ఒక్కటి మాత్రం నిన్న మొన్న జరిగినట్టు ఉంది. విచిత్రమేమిటంటే అందులో సగానికి సగం ఏమీ వినపడదు. అది మీకు చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

గోరంట్ల దాటి లోపలికి పోతే ఒక చిన్న ఊరు, ఊరికి ఆనుకుని మూతపడిన గ్రానైట్ క్వారీ. అప్పటికి నా రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి ఉంటే, ఎవరికో మంచి ఆలోచన వచ్చింది. ఎలాగూ ఖాళీగా పడున్న గొయ్యే కదా, కాలువ నీళ్లు మళ్లించి అందులో నింపితే చుట్టుపక్కల బోర్లు మళ్లీ పోస్తాయి అని. మా జిల్లాలో నీళ్ల మాట ఎత్తితే కాదనేవాడు పుట్టలేదు. పనులు చకచకా జరిగిపోయాయి. పిల్లకాలువ తవ్వారు, క్వారీ అంచు దగ్గర మట్టికట్ట వేసి ఆపారు. నీళ్లు వచ్చిన రోజు ఆ కట్ట తెంచితే చాలు.

మా ప్రోగ్రాం ఆఫీసరు గోదావరి జిల్లా ఆవిడ. మేమంతా మేడమ్ అనేవాళ్లం. మనిషి మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆ కబురు తెలిసి, "గొయ్యి మునిగిందంటే అందులో చెమటోడ్చినవాళ్ల కథ కూడా మునిగిపోతుందండీ. ముందే పట్టుకొచ్చేద్దాం, పదండి" అన్నారు. జీపు వేసుకుని బయల్దేరాం.

క్వారీ అంచున నిలబడి లోపలికి తొంగిచూశాను. క్వారీలు నాకు కొత్త కాదు, దారిపొడుగునా దూరం నుంచి ఎన్నో చూశాను. కానీ అంచున నిలబడి చూడటం వేరు. నున్నగా కోసిన బండ మెట్లు మెట్లుగా కిందికి దిగిపోయింది. ఒక్కో మెట్టు రెండంతస్తుల మేడంత. గోడల పొడుగునా డ్రిల్లు వేసిన గాడులు దువ్వెనతో దువ్వినట్టు వరసగా ఉన్నాయి. అడుగున మిగిలిపోయిన బండలు లారీలంత ఉంటాయని తర్వాత తెలిసింది గానీ, పైనుంచి చూస్తే సబ్బుబిళ్లల్లా కనిపించాయి. ఇదంతా ఒకప్పుడు గుట్ట. గుట్ట ఉండాల్సిన చోట ఇప్పుడు గాలి ఉంది. మనుషులే చేశారా ఇదంతా అని నాకు ఒళ్లు జలదరించింది.

పాత పనివాళ్లను కొందరిని ఊరివాళ్లు పిలిచి కూర్చోబెట్టారు. అక్కడ మొదలయ్యాయి మా తిప్పలు. మేడమ్ మనసులో అప్పటికే ఒక కార్యక్రమం తయారై ఉంది. రాళ్లు కొట్టేవాళ్ల పాటలు, వాటి మధ్యలో చిన్న చిన్న మాటలు. "పని చేసేటప్పుడు పాడుకునేవారు కదమ్మా, ఒకటి పాడండి" అని ఒక అవ్వను అడిగారు. ఆ అవ్వ వయసులో ఉన్నప్పుడు క్వారీ అడుగున రాళ్లముక్కలు గంపకెత్తిన మనిషి. ముక్కుకు పెద్ద పుడక.

"పాటలా? కంప్రెసరు మోతలో పక్కనోడు అరిసి సచ్చినా ఇనపడదు. ఇంగ పాటలేడ పాడేది మేడమ్మా!" అంది అవ్వ. అందరూ గొల్లుమన్నారు.

పైగా అందరికీ అంతో ఇంతో చెవుడు. వాళ్లు మామూలుగా మాట్లాడటమే అరుపు. నా రికార్డరు మీటరులో ముల్లు ఎరుపు దాటిపోయి కిందికి దిగనంటే దిగనంది. ఆ చిరాకులో నేనే అడిగాను, "మరి అంత మోతలో ఒకరి మాట ఒకరికి ఎట్లా తెలిసేదవ్వా?" అని.

అవ్వ నా వైపు ఒకసారి చూసి లేచి నిలబడింది. క్వారీకి అవతలి అంచున ఒక ముసలాయన తలగుడ్డ చుట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇక్కడి నుంచి చూస్తే మనిషి అని తెలుస్తుంది, అంతే. అవ్వ చెయ్యెత్తి గాలిలో ఏదో అంది. అన్నది అనే అంటాను, వేరే మాట దొరకదు. అవతల ఆయన చెయ్యి లేచి, తిరిగి, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంది. అవ్వ కిసుక్కున నవ్వింది.

"ఏమన్నాడు?"

"మీ జీపు వెనక టైరు గాలి తగ్గిందంట. పొయ్యేటప్పుడు సూసుకోమంటాండాడు."

మా డ్రైవరు నమ్మక వెళ్లి టైరును తన్ని చూశాడు. తిరిగొచ్చి గాలిపంపు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఆ పూట మాకు తెలిసిందేమిటంటే, ఆ క్వారీలో నోటితో పని లేదు. డ్రిల్లు పట్టినవాడు, బండలెత్తే డెరిక్కు నడిపేవాడు, గంప మోసే ఆడమనిషి అందరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నీళ్లు తే, తాడు వదులు, పక్కకు జరుగు అనడం ఒక్కటే కాదు, పోట్లాటలు, ఎకసెక్కాలు, పెళ్లి సంబంధాలు కూడా. పేర్లు కూడా చేతులతోనే. మీసం దువ్వినట్టు చేస్తే ఒకడు, తిత్తి ఊదినట్టు పిడికిలి ఆడిస్తే ఉలులకు సాన పట్టే కొలిమాయన. ముక్కు పక్కన వేలు పెడితే మన అవ్వ. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చేవాళ్లు, తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, అంతకన్నా దూరంవాళ్లు. చాలామందికి ఒకరి అసలు పేరు ఒకరికి తెలియకుండానే ఏళ్లు గడిచిపోయాయి.

అవతలి అంచున ఉన్నాయన క్వారీకి జెండా మనిషి. అందరూ జెండాయన అనే అంటారు. సాయంత్రం బండలో మందు పెట్టి పేల్చే ముందు ఆయన ఎర్రగుడ్డ పట్టుకుని అంచున నిలబడేవాడు. ఒక్కొక్కరి గుర్తూ చేతితో చూపి హాజరు పిలిచేవాడు. పైకి వచ్చినవాళ్లు చెయ్యెత్తాలి. ఎవరైనా కనిపించకపోతే, వాడు పైకి రావడం కళ్లారా చూసినవాళ్లు గుండెమీద చెయ్యి పెట్టాలి. విన్నాననీ, వచ్చే ఉంటాడనీ అంటే చెల్లదు. చూసినవాడు లేకపోతే ఎవరో ఒకరు దిగి వెతికి రావాలి. జెండాయన ఎత్తిన చెయ్యి దించేదాకా మందు ముట్టించడానికి లేదు. యజమాని వచ్చి తిట్టినా సరే దించేవాడు కాదట. ఆ చెయ్యి కిందే ఇంతమంది ప్రాణాలతో ఇంటికి పోయారు.

ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి జెండాయనకు చెవులు పూర్తిగా పోయాయి. "మాట ఉండాది. ఆయప్పకే ఇనపడదు గదా, అందుకే మానేసినాడు" అంది అవ్వ. ఇంట్లో కొడుకూ కోడలూ అన్నం పెడతారు గానీ ఆ చేతులు వాళ్లకు అర్థం కావు. ఆ భాష తెలిసినవాళ్లు ఊళ్లో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు.

తిరిగి వస్తూ జీపులో మేడమ్ నుదురు పట్టుకుని కూర్చున్నారు. "మనది టీవీ కాదండీ. చేతుల్ని రేడియోలో ఎలా వినిపిస్తాం?" అన్నారు. నీళ్లు వదిలే రోజు మళ్లీ వచ్చి ఊరి సందడి రికార్డు చేసి, దాన్నే కార్యక్రమం అనిపించుకుందాం అనుకున్నాం. ఉద్యోగస్తుల బుద్ధి కదా, ఏదో ఒకటి అయిందనిపిస్తే చాలు.

ఆ రోజు వెళ్లేసరికి ఊరు ఊరంతా క్వారీ దగ్గరే ఉంది. తప్పెట్లు, టెంకాయలు, ట్రాక్టర్ల మీద ఎక్కిన పిల్లలు. పిల్లకాలువ నిండా నీళ్లు వచ్చి మట్టికట్టను ఒరుసుకుని నిలబడ్డాయి. అన్ని నీళ్లు ఒకచోట చూసి కొందరు చేతులు జోడించారు. కానీ కట్ట తెంచడం లేదు. తప్పెట్లు కూడా ఆగిపోయాయి. దగ్గరికి పోయి చూస్తే కట్ట మీద జెండాయన కూర్చుని ఉన్నాడు.

"లేయప్పా! పొద్దు కూకేలోపు నీళ్లు ఇడవకపోతే కాలువ కాసే లస్కరు షట్టరు మూసేస్తాడు. ఇంగ మన వంతు ఎప్పుడొస్తాదో!" అని సర్పంచు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. జెండాయనకు వినపడదు, వినపడినా లేచేటట్టు లేడు. ఆ సంవత్సరం ఎండిన బోరు పక్కన చీనీ చెట్లు, అదే బత్తాయి, నరికేసుకున్నవాళ్లు ఆ గుంపులో ఉన్నారు. వాళ్ల కోపం నాకు తప్పనిపించలేదు. "ముసలోనికి మతి పోయినాది, ఎత్తి పక్కన పెడదాం పాండి" అని ఇద్దరు వయసు పిల్లలు ముందుకు వచ్చారు.

అవ్వ గుంపును తోసుకుంటూ వచ్చి వాళ్లకు అడ్డంగా నిలబడింది. "చెయ్యెయ్యద్దండి! ఆయప్ప ఏమంటాండాడో ఇనండి ముందు."

జెండాయన చేతులు కదిలాయి. అవ్వ చూస్తూ చెప్పింది. నేను మైకు ఆమె దగ్గరికి జరిపాను.

"నీళ్లు వద్దనలా. క్వారీ మూసిన పొద్దు మద్యాన్నమే మిషన్లు ఆపి అందరినీ పొండి పొండి అన్న్యారు. ఆ సాయంత్రం హాజరు పిలవలా. లోపల ఎవురుండారో, ఎవురు పైకొచ్చినారో ఆయప్ప సూడలా. హాజరు కాకుండా మందు పేల్చరు గదా. నీళ్లు మాత్రం ఎట్ల ఇడుస్తారు అంటాండాడు."

సర్పంచు అవ్వ వైపు తిరిగాడు. "క్వారీ మూసి ఎన్నేండ్లాయవ్వా? ఇప్పుడు లోపల ఎవురుంటారు?"

"మూసినారు సరే. హాజరైతే కాలేదు గదా!" అంది అవ్వ.

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తోచలేదు. జెండాయన లేచి, కట్ట మీద నిటారుగా నిలబడి, ఎవరినీ అడక్కుండానే మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి ఆకాశంలోకి ఎత్తి, కుడిచేత్తో మీసం దువ్వినట్టు చేశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"మీసాలోడు" అంది అవ్వ నా మైకులోకి.

ఎవరూ పలకలేదు. సర్పంచు ముఖం మారిపోయింది. రెండడుగులు ముందుకు వేసి గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా నాయన. ఇంట్లోనే పోయినాడు. నా తొడ మీదనే తల పెట్టుకున్న్యాడు. నేను సూసినా." జెండాయన అతని చేతిని చూసి తలూపి తర్వాతి పేరుకు పోయాడు.

అప్పటి నుంచి ఆ చోటే మారిపోయింది. పిడికిలి ఆడించగానే బుర్ఖా వేసుకున్న ఒకామె గుండెమీద చెయ్యి పెట్టింది. "మా ఇంటాయన. హిందూపురంలో వెల్డింగ్ అంగడి పెట్టినాడు. మోకాళ్లు పోయినాయి గానీ బాగుండాడు." నోటి దగ్గర చెయ్యి పెట్టి ఆకలోడు అన్నప్పుడు ఎవరో, "బెంగళూరులో వాచ్‌మన్. మొన్ననే బస్సెక్కించినా" అన్నారు. చేతినిండా గాజులేసుకునే మనిషి పేరు వచ్చినప్పుడు అవ్వే మైకు మర్చిపోయి తన గుండెమీద చెయ్యి పెట్టుకుంది. "నా చేతుల్లోనే పోయింది. ఆ గాజులు నేనే తీసినా" అని, కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పడంలో పడింది. బతికున్న పాతవాళ్లు తమ పేరు రాగానే బడిపిల్లల్లాగా చెయ్యెత్తారు. మేము ఎన్ని ప్రశ్నలు వేసినా రాని చరిత్ర అంతా, ఎవరూ అడగకుండానే, ఒక్కొక్క చెయ్యీ వెంట బయటికి వచ్చింది.

ఒక్కో పేరుకూ జవాబుకూ మధ్య ఎంతో సేపు ఏమీ ఉండదు. గాలి, ఎత్తిన ఒక చెయ్యి, అంతే. రేడియోలో నిశ్శబ్దం పెద్ద నేరం. తర్వాత ప్రసారానికి తయారు చేసేటప్పుడు పైవాళ్లు ఆ ఖాళీలన్నీ కోసేయమన్నారు. "అక్కడ ఆయన చెయ్యి లేచి ఉందండీ. ఆయన దించకుండా మనం ఎలా కోస్తాం?" అని మేడమ్ ఒక్కటి కూడా కోయనివ్వలేదు. ఆవిడతో ఎన్నోసార్లు కీచులాడాను గానీ, ఆ మాటకు మాత్రం దణ్ణం పెట్టాలనిపించింది.

చివరికి ఒక గుర్తు వచ్చింది. అరచెయ్యి మెడ వెనక పెట్టుకోవడం.

"మెడాయన" అంది అవ్వ. తర్వాత గొంతు తగ్గించి, "ఏ ఊరో తెలీదు. మాట మనది గాదు. ఎప్పుడూ మెడ ఎనక చెయ్యి పెట్టుకుని కూసునేటోడు" అని చెప్పింది.

ఎవరూ కదల్లేదు. పొద్దు పడమటికి దిగుతోంది. "పొయ్యే ఉంటాడులే" అని గుంపులో ఎవరో అన్నారు. జెండాయన ఆ పెదవుల వైపు చూసి, రెండు వేళ్లతో తన కళ్లు చూపించాడు. చూశావా, అని. అన్నవాడు తల దించుకున్నాడు. లస్కరు సైకిలు పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఒక్క అబద్ధం చెబితే ఊరికి నీళ్లు. సర్పంచు చెయ్యి మెల్లగా గుండె వైపు లేచింది. ఊరంతా ఆ చేతినే చూసింది. సగం దాకా లేచి, ఆగి, కిందికి పడిపోయింది. "నావల్ల గాదప్పా" అన్నాడు.

అవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని లారీలు దిగే దారిలో క్వారీ లోపలికి నడిచింది. ఆమె వెనక సర్పంచు. ఇందాక జెండాయనను ఎత్తబోయిన పిల్లలిద్దరు. ఆ తర్వాత ఊరు ఊరే కదిలింది. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందరి వెనక దిగాను. జెండాయన ఒక్కడే పైన, చెయ్యెత్తి, అలాగే ఉన్నాడు. జెండా మనిషి అంచు వదిలి దిగకూడదు.

అడుగున చల్లగా ఉంది. లేనివాణ్ణి వెతుకుతున్నామని అందరికీ తెలుసు. అయినా ఎవరూ తూతూమంత్రంగా వెతకలేదు. ప్రతి బండ వెనకా, ప్రతి సందులోనూ వంగి చూశారు. పిలుద్దామంటే పేరు తెలియదు. అవ్వే మొదలుపెట్టింది, "అన్నా!" అని. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు, "అన్నా! ఓ అన్నా!" అని అన్ని మూలల నుంచి. ఆ గోడలు ఆ పిలుపును తీసుకుని తిప్పి తిప్పి పైకి పంపాయి. నా ఉద్యోగమంతా శబ్దాలతోనే గడిచింది, అటువంటిది నేను మళ్లీ వినలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాను.

ఆయన దొరకలేదు. ప్రసారంలో ఆ గుర్తు కూడా చెప్పాం, ఇంతవరకూ ఎవరూ రాలేదు. మీ ఇళ్లలో ఎవరైనా పెద్దాయనకు మెడ వెనక చెయ్యి పెట్టుకుని కూర్చునే అలవాటు ఉంటే, వయసులో ఉన్నప్పుడు గోరంట్ల వైపు రాళ్లపనికి వెళ్లాడేమో ఒక్కసారి అడగండి.

"ల్యాడు. ఎవురూ ల్యారు" అని అవ్వ రెండు చేతులూ తిప్పి పైకి చూపించింది. జనం ఎక్కిపోవడం మొదలుపెట్టారు. నేను ఆగాను. ఏ చోట రికార్డు చేసినా, మనుషుల మాటలు అయ్యాక ఆ చోటి ఉత్త చప్పుడు కాస్త పట్టుకోవడం మా పనిలో అలవాటు. ఇంక ఈ చోటు ఉండదు కదా అని కళ్లు మూసుకుని వింటూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

కళ్లు తెరిచి చూస్తే అడుగున నేను ఒక్కణ్ణే ఉన్నాను. పైన అంచు పొడుగునా ఊరంతా నిలబడి నన్నే చూస్తోంది. జెండాయన ఒక అరచెయ్యి తన చెవికి అడ్డం పెట్టుకుని, ఇంకో చెయ్యి ఆకాశంలోకి ఎత్తి ఉన్నాడు. నాకు అర్థం కాలేదు. చెవి నొప్పేమో అనుకున్నాను. హెడ్‌ఫోన్లు తీస్తే అవ్వ కేక వినిపించింది.

"సారూ! నిన్నే పిలుస్తాండాడు! చెవులాయన అంటాండాడు! చెయ్యెత్తు!"

చెయ్యెత్తాను. అది సరిపోలేదు ఆయనకు, పైకి రావాలి. ఎక్కాను. వయసు మీద పడిన మనిషిని, సామాను మోసుకుంటూ, ఆయాసపడుతూ, ఆగి ఆగి ఎక్కాను. ఒక్కరూ తొందరపెట్టలేదు. ఎండిన నేల, నిలబడిన నీళ్లు, పార పట్టుకున్న మనిషి, గడియారం చూసుకునే లస్కరు, అందరూ ఆగారు. మా జిల్లాలో నీళ్లు ఎవరికోసమూ ఆగవు.

నేను అంచు మీద రెండో కాలు కూడా పెట్టాక జెండాయన నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసుకున్నాడు. చూసి, చెయ్యి దించాడు.